వేలి కీలు తప్పితే ఏం చేయాలో వెయ్యేళ్ల కిందే రాసిపెట్టిన జర్రాహ్: అబుల్ ఖాసిం అల్ జహ్రావీ

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాలీబాల్, కబడ్డీ ఆడే కుర్రాళ్లున్న ఇళ్లలో వేలు తప్పడం కొత్త సంగతేం కాదు. బంతి వేలి కొనకు తగులుతుంది, మధ్య కణుపు దగ్గర వేలు పైకి లేచిపోతుంది. పక్కనే ఉన్న పెద్దాయనెవరో పట్టుకుని లాగేస్తారు. టక్కుమని శబ్దం వస్తే సరిపోయిందనుకుంటారు. లేదంటే కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ దబ్బలు పెట్టి వారాల తరబడి బిగించి ఉంచేస్తారు. తీరా విప్పాక చూస్తే వేలు నిలువుగా కర్రలా నిలబడిపోతుంది, వంగదు.

మిషన్ కుట్టే మనిషికి, మగ్గం వర్క్ చేసే ఆడపిల్లకి, నిమ్మకాయల మార్కెట్‌లో బస్తాలెత్తే కూలీకి, నిజాంపట్నం వైపు వల లాగే మనిషికి వంగని వేలు అంటే చిన్న విషయం కాదు. అది రోజూ కొంచెం కొంచెంగా పోయే కూలి.

ఈ వేలి గురించి వెయ్యేళ్ల కింద స్పెయిన్‌లో ఒక ముస్లిం వైద్యుడు విడిగా ఒక అధ్యాయమే రాశారు. కీలును ఎలా కూర్చోబెట్టాలో చెప్పి ఊరుకోలేదు, ఆ తర్వాత వేలు బిగుసుకుపోకుండా ఏం చేయాలో కూడా రాశారు. ఆయన పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అల్ జహ్రావీ. యూరప్ వాళ్లు ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుచుకున్నారు.

కొత్తగా కట్టిన రాజధానిలో

అప్పట్లో స్పెయిన్‌లో ఎక్కువ భాగం ముస్లింల పాలనలో ఉండేది. ఆ దేశాన్ని అందలుస్ అనేవాళ్లు. కార్డోబా నగరం రాజధాని. 929లో అబ్దుర్ రహ్మాన్ 3 తనను ఖలీఫాగా ప్రకటించుకున్నారు. 936 ప్రాంతంలో కార్డోబాకు పడమర వైపు కొద్ది మైళ్ల దూరంలో, కొండ వాలు మీద కొత్త రాజనగరం కట్టడం మొదలుపెట్టారు. దాని పేరు మదీనతుజ్ జహ్రా. అల్ జహ్రావీ ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చింది. ఆయన పుట్టుక కూడా దాదాపు ఆ ఏడాదే అని చరిత్రకారులు లెక్కవేస్తారు. అంటే ఊరూ మనిషీ ఒకే ఈడువాళ్లు. ఆయన పేరు చివర అన్సారీ అని కూడా ఉంటుంది. పూర్వీకులు మదీనా అన్సార్ల వంశం నుంచి వచ్చారనడానికి అది గుర్తు.

ఆయన పెరిగే రోజుల్లో కార్డోబా చదువులకు పెట్టింది పేరు. 961 నుంచి 976 దాకా పాలించిన ఖలీఫా హకమ్ 2 పుస్తకాల పిచ్చి ఉన్న మనిషి. ఆయన గ్రంథాలయంలో లక్షల పుస్తకాలుండేవని పాత చరిత్రలు చెబుతాయి. గ్రీకు వైద్యుల పుస్తకాలు అప్పటికే అరబ్బీలోకి వచ్చేశాయి. జహ్రావీ వాటిని చదివారు. ముఖ్యంగా ఏడో శతాబ్దం నాటి గ్రీకు వైద్యుడు పౌలస్ రాసిన శస్త్రచికిత్స భాగం ఆయనకు బాగా పనికొచ్చింది. అయితే చదివింది చదివినట్టు ఎత్తి రాయలేదు. తన చేతి మీద నడిచిన కేసులతో సరిచూసుకుని, పనికొచ్చింది ఉంచారు, తాను చూసింది కలిపారు.

ఆయన సొంత జీవితం గురించి ఆ కాలంవాళ్లు రాసింది చాలా తక్కువ. పెళ్లి, పిల్లలు, ఇల్లు వంటి సంగతులు చరిత్రకు ఎక్కలేదు. మనకు ఆయన కనిపించేది పుస్తకంలోనే. కానీ అందులో చాలా స్పష్టంగా కనిపిస్తారు.

యాభై ఏళ్ల పని, ముప్పై భాగాల పుస్తకం

ఆ పుస్తకం పేరు కితాబుత్ తస్రీఫ్. దాదాపు యాభై ఏళ్ల వైద్యం తర్వాత, సుమారు 1000 సంవత్సరం నాటికి పూర్తిచేశారు. మొత్తం 30 భాగాలు. మందుల తయారీ, జబ్బుల లక్షణాలు, ఆహారం, లేపనాలు, కషాయాలు అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద పెద్ద గ్రంథాలు సమకూర్చుకోలేని వైద్యుడికి అన్నీ ఒక్కచోట దొరకాలన్నది ఆయన ఉద్దేశం. తన శిష్యుల్ని కొడుకులుగా భావించి, వాళ్లతో మాట్లాడుతున్నట్టే రాశారు.

చివరిదైన ముప్పయ్యో భాగం చేతిపనికి సంబంధించింది. చేతిపని అంటే శస్త్రచికిత్స. అందులో మళ్లీ మూడు ఖండాలు. మొదటిది కాల్చి చేసే వైద్యం. రెండోది కోతలు, కుట్లు, రాళ్లు తీయడం, బాణాలు తీయడం. మూడోది విరిగిన ఎముకలు, తప్పిన కీళ్లు. ఆ పుస్తకంలో సుమారు 200 పనిముట్ల బొమ్మలున్నాయి. ఏ కత్తి ఎలా ఉండాలి, ఏ పట్టకారు మూతి ఎటు వంగాలి అన్నది గీసి చూపించారు. శస్త్రచికిత్స పనిముట్లను ఇంత వివరంగా, ఇన్ని బొమ్మలతో చూపిన పుస్తకం అంతకుముందు మనకు తెలిసినంతలో లేదు.

ఈ భాగాన్ని ఎందుకు రాయాల్సి వచ్చిందో మొదట్లోనే చెప్పారు. తన దేశంలో, తన కాలంలో ఈ విద్య దాదాపు అంతరించిపోయిందని ఆయన బాధ. శరీర నిర్మాణం చదవకుండా కత్తి పట్టేవాళ్లు ఎక్కువయ్యారు. దానికి ఉదాహరణలుగా తాను చూసిన సంఘటనలు రాశారు. ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోస్తూ రక్తనాళం తెంపేశాడు, ఆమె అక్కడికక్కడే చనిపోయింది. మరో వైద్యుడు ఒక ముసలాయన మూత్రాశయంలోని పెద్ద రాయిని తీయబోయి, దాంతో పాటు మూత్రాశయం ముక్కను కూడా లాగేశాడు. ఆ పెద్దాయన మూడు రోజులకే కన్నుమూశారు. ఆ రోగి కోసం ముందు జహ్రావీనే పిలిచారు. రాయి సైజు, మనిషి పరిస్థితి చూసి, ఇది బతికే కేసు కాదని ఆయన చెయ్యి పెట్టలేదు.

చేయగలిగింది చేయడం ఎంత ముఖ్యమో, చేయకూడని చోట ఆగిపోవడం అంత ముఖ్యమని ఆయన నమ్మకం. డబ్బు కోసం, పేరు కోసం ప్రమాదకరమైన కేసు ఒప్పుకోవద్దని, అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలని గుర్తుంచుకోమని శిష్యులకు నేర్పారు.

మరోవైపు, అందరూ ఆశ వదులుకున్న మనుషుల్ని బతికించిన కేసులూ ఉన్నాయి. ఒక పనిపిల్ల కత్తితో తన గొంతు కోసుకుంది. జహ్రావీ వెళ్లి చూస్తే గాలి గాయంలోంచి వస్తోంది, పెద్ద రక్తనాళాలు మాత్రం తెగలేదు. గాయం కుట్టి వైద్యం చేశారు. ఆ పిల్ల బతికింది, గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. శ్వాసనాళం గాయం మానుతుందని దీన్నిబట్టి ఆయన తేల్చారు. ఒక ఊళ్లో మగవాళ్లకు చిన్న గాయమైనా రక్తం ఆగక చనిపోవడం గురించి కూడా రాశారు. ఇప్పుడు హీమోఫీలియా అంటున్న జబ్బు మీద తొలి వర్ణనల్లో అది ఒకటిగా వైద్య చరిత్రలో నిలిచింది.

వేలి అధ్యాయం

మూడో ఖండంలో కీళ్ల గురించి చెప్పేటప్పుడు జహ్రావీ దవడతో మొదలుపెట్టి భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, వెన్ను, తొడ, మోకాలు అంటూ ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం కేటాయించారు. అన్నిటికీ వర్తించే మాట ముందే చెప్పారు. కీలు తప్పిందంటే ఆలస్యం చేయకూడదు. ఆలస్యమైతే వాపు వస్తుంది, వాపు వచ్చాక కూర్చోబెట్టడం కష్టం. అప్పటికే బాగా వాచి ఉంటే బలవంతంగా లాగొద్దు, వాపు తగ్గనిచ్చి, గోరువెచ్చని నీళ్లు, నూనెతో మెత్తబరిచి, అప్పుడు మెల్లగా సరిచేయాలి. మొరటుగా లాగితే నరాలు బిగిసి రోగికి కొత్త ప్రమాదం వస్తుంది.

మణికట్టు గురించి రాస్తూ, అది తరచుగా తప్పే కీలనీ, వెంటనే చూస్తే కూర్చోబెట్టడం సులువేననీ అంటారు. రోగి చేతిని చదునైన చెక్క మీద పెట్టించి, సహాయకుడు లాగి పట్టుకుంటే, వైద్యుడు పైకి పొడుచుకొచ్చిన భాగాన్ని అరచేత్తో నొక్కి లోపలికి పంపాలి. తర్వాత పట్టీ వేసి కట్టాలి. విప్పాక కీలు బిగుసుగా అనిపిస్తే గోరువెచ్చని నీళ్లు పోసి చాలాసార్లు మర్దన చేయాలి.

తర్వాతి అధ్యాయం వేళ్లది. చాలా చిన్నది. వేలు ఏ వైపుకైనా తప్పొచ్చు. అరచేతి వైపుకో, చేతి వెనక వైపుకో జారితే, వేలిని నిలువుగా లాగి పట్టుకుని, తప్పిన చోటును రెండు బొటనవేళ్లతో నెట్టి స్థానంలోకి తేవాలి. ఆ తర్వాత వేలిని కట్టి రెండు రోజులు కదలకుండా ఉంచాలి.

ఇక్కడి దాకా ఎవరైనా చెప్పేదే. అసలు విషయం ఆ తర్వాత ఉంది. రెండు రోజులయ్యాక కట్టు విప్పాలి. పగలంతా వేలిని సాగదీసి, కదిలించి, వ్యాయామం చేయించాలి. రాత్రి మళ్లీ కట్టాలి. పగలు కదలిక, రాత్రి కట్టు. ఇలా కీలు గట్టిపడే దాకా కొన్ని రోజులు చేస్తూ ఉండాలి.

అంటే కీలును కూర్చోబెట్టడంతో పని అయిపోలేదని ఆయనకు తెలుసు. వేలు ఎముకగా బాగుపడితే చాలదు, చెయ్యిగా పనిచేయాలి. వారాల తరబడి దబ్బల మధ్య పడి ఉన్న వేలు నిటారుగా ఉంటుంది కానీ పట్టు పట్టలేదు.

ఇవాళ్టి ఆసుపత్రిలో

ఇప్పుడు ఎముకల డాక్టర్లు చేసే పని చూస్తే ఈ పద్ధతి ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. ఎక్కువగా తప్పేది వేలి మధ్య కీలు, అదీ చేతి వెనక వైపుకు. ముందు ఎక్స్‌రే తీస్తారు, ఎందుకంటే బయటికి తప్పినట్టే కనిపించినా లోపల ఎముక ముక్క విరిగి ఉండొచ్చు. వేలి మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లాగి, నెట్టి కూర్చోబెడతారు. మళ్లీ ఎక్స్‌రే తీసి సరిగ్గా కూర్చుందో లేదో చూస్తారు. కీలు గట్టిగా నిలబడితే, పక్క వేలిని జోడించి రెండిటినీ కలిపి టేపు వేస్తారు. పక్క వేలు దన్నుగా ఉంటుంది, తప్పిన వేలు దాంతోపాటు కదులుతూనే ఉంటుంది. ఈ టేపు సాధారణంగా 3 నుంచి 6 వారాలు ఉంటుంది. వేలు కదపడం మాత్రం మొదటి రోజుల నుంచే మొదలవుతుంది.

కానీ అన్ని వేళ్లకూ ఒకటే లెక్క కాదు. ఇక్కడే ఇంట్లో లాగడం, అందరికీ ఒకే కట్టు వేయడం ముంచుతాయి. మధ్య కీలు అరచేతి వైపుకు తప్పితే, వేలిని చాపే స్నాయువు తెగి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆ కీలును దాదాపు 6 వారాలు రాత్రీ పగలూ నిటారుగానే ఉంచాలి. మధ్యలో వంచితే వేలు శాశ్వతంగా వంకరపోతుంది. వేలు అరచేతిలో కలిసే పెద్ద కీలు తప్పితే, అరచేతి వైపున్న గట్టి పొర కీలు మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అలాంటిదాన్ని ఎంత లాగితే అంత బిగుస్తుంది, ఆపరేషన్ చేసి విడిపించాల్సిందే. మణికట్టులో చిన్న ఎముకలు తప్పితే బయటికి బెణుకులా కనిపిస్తుంది, ఎక్స్‌రేలో తప్ప దొరకదు.

ఎక్స్‌రే లేని కాలంలో జహ్రావీ చేతి స్పర్శతో ఇంత దూరం వచ్చారు. ఎక్స్‌రే ఉన్న కాలంలో దాన్ని వాడుకోకపోవడం ఆయన నేర్పిన దారి కాదు.

దెబ్బ తగిలిన వెంటనే ఇంట్లో చేయగలిగిన పనులు కొన్నే. వాపు రాకముందే ఉంగరం తీసేయాలి. చెయ్యిని గుండె కంటే ఎత్తులో పెట్టాలి. ఐసును గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు ఉంచొచ్చు. వేలిని ఉన్న తీరులోనే కదలకుండా ఆనించి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. తెనాలి, బాపట్లలో ప్రభుత్వాసుపత్రులున్నాయి, పెద్ద కేసులకు గుంటూరు జనరల్ ఆసుపత్రి ఉంది. చర్మం చిట్లినా, వేలు తెల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా నిమిషం కూడా ఆగకూడదు. మూడు వారాలు దాటితే తప్పిన కీలును కోత లేకుండా కూర్చోబెట్టడం చాలా కష్టమవుతుంది.

కోలుకోవడానికి ఓపిక కావాలి. వాపు, బిగువు నెలల తరబడి ఉంటాయి, కొందరికి ఏడాది దాకా పడుతుంది. కణుపు కాస్త లావుగా మిగిలిపోవచ్చు. డాక్టర్ చెప్పిన వ్యాయామం రోజూ చేస్తే పట్టు తిరిగి వస్తుంది. తాజాగా తప్పిన కీలు మీద గట్టిగా నూనె మర్దన చేయడం మాత్రం మేలు కంటే చెడే చేస్తుంది.

ఊరు పోయింది, పుస్తకం నడిచింది

జహ్రావీ ముసలితనంలో ఆయన దేశం ముక్కలైంది. 1009లో అంతర్యుద్ధం మొదలైంది. 1010లో మదీనతుజ్ జహ్రాను దోచుకుని పాడుచేశారు. 1013లో కార్డోబా కూడా దోపిడీకి గురైంది. 1031 నాటికి ఖిలాఫతే ముగిసింది. జహ్రావీ హిజ్రీ 400 తర్వాత చనిపోయారని అందలుస్ చరిత్రకారుడు హుమైదీ రాశారు. సాధారణంగా 1013 అని చెప్పుకుంటారు. ఆయనతో పాటు పుట్టిన ఊరు, ఆయనతో పాటే శిథిలమైంది. ఆ శిథిలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆయన్ని చూసిన పండితుల్లో ఇబ్న్ హజ్మ్ ఒకరు. వైద్యంలో తస్రీఫ్ కంటే సమగ్రమైన పుస్తకం రాలేదంటే అది అబద్ధం కాదన్న అర్థంలో ఆయన మెచ్చుకున్నారు. కానీ పుస్తకానికి అసలైన పేరు దూరదేశాల్లో వచ్చింది. 12వ శతాబ్దంలో టోలెడో నగరంలో జెరార్డ్ అనే అనువాదకుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చారు. 1363లో ఫ్రాన్స్ వైద్యుడు గీ ద షోలియాక్ తన శస్త్రచికిత్స గ్రంథంలో జహ్రావీ పేరును 200 సార్లకు పైగా తలచుకున్నారు. 1465లో టర్కీలోని అమాస్యా ఊరి వైద్యుడు షరఫుద్దీన్ దాని ఆధారంగా తుర్కీ భాషలో బొమ్మల పుస్తకం రాశారు. 1497లో వెనిస్‌లో లాటిన్ ప్రతి అచ్చయింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబ్బీ మూలం లాటిన్‌తో కలిసి వచ్చింది. 1973లో అరబ్బీతో పాటు పూర్తి ఇంగ్లీషు అనువాదం వెలువడింది.

మన దేశానికి కూడా ఆ పుస్తకం చేరింది. పట్నాలోని ఖుదా బఖ్ష్ గ్రంథాలయంలో పనిముట్ల బొమ్మలతో కూడిన చేతిరాత ప్రతి భద్రంగా ఉంది. 1908లో లక్నోలో దాన్ని అచ్చు వేశారు. హైదరాబాద్ చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రిలోనూ, కర్నూలు యునానీ కాలేజీలోనూ నేర్పే తిబ్బ్‌లో జహ్రావీది పెద్ద పేరు. ఎముకలు, కీళ్లు చూసే జర్రాహ్‌ల పరంపర ఆయన్ని తమ ఉస్తాద్‌గా చెప్పుకుంటుంది.

ఆ పరంపరను గౌరవించడం అంటే వేలు తప్పగానే లాగేయడం కాదు. ఉన్న విద్యనంతా నేర్చుకున్నాకే చెయ్యి పెట్టమని, తెలియని చోట ఆగమని, కూర్చోబెట్టిన కీలును మళ్లీ పనిలోకి తెచ్చే దాకా రోగిని వదలొద్దని ఆయన శిష్యులకు చెప్పారు. వేలు తప్పిన పిల్లాణ్ని అదే రోజు ఎక్స్‌రేకి తీసుకెళ్లి, తర్వాత నెలల పాటు విసుక్కోకుండా వ్యాయామం చేయించే తల్లిదండ్రులు ఆ మాట నిలబెట్టినట్టే.